కామా ఎక్కడ పెట్టాలి? – విశ్వవిద్యాలయాల రచనా నియమాలు

ఒక విశ్వవిద్యాలయం నుండి ఏటా వెలువడే కాగితాలకు లెక్కలేదు. ప్రవేశ ప్రకటనలు, పరీక్షల సర్క్యులర్లు, పరిశోధన పత్రికలు, వార్షిక నివేదికలు – ఇవన్నీ వ్రాసేది ఒక్క చేయి కాదు. ఇంగ్లీషులో ‘ఆర్గనైజ్’ అనే మాటను ఒక శాఖవారు ‘ఎస్’ అక్షరంతో వ్రాస్తే, పక్క శాఖవారు ‘జెడ్’తో వ్రాస్తారు. ఎవరిదీ తప్పు కాదు. చిక్కంతా అక్కడే ఉన్నది. తప్పయితే నిఘంటువు చూసి దిద్దవచ్చు. రెండూ ఒప్పే అయినప్పుడు “మన సంస్థలో ఇది వాడుదాం” అని ఎవరో ఒకరు నిర్ణయించాలి. అటువంటి నిర్ణయాల సంపుటినే ‘స్టైల్ గైడ్’ అంటారు. మనం రచనా నియమావళి అనుకుందాం. ఇది వ్యాకరణం కాదు. వ్యాకరణం భాషకంతకూ చెందినది. నియమావళి ఒక ఇంటి ఆచారం వంటిది.

అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయపు ముద్రణాలయం 1891లో మొదలయింది. ఆ రోజుల్లో ఆచార్యులు తమ వ్రాతప్రతులను తిన్నగా కంపోజిటర్ల చేతికే ఇచ్చేవారు. చేతివ్రాతను పోల్చుకోగలిగినంత పోల్చుకొని వారు అచ్చు కూర్చేవారు. తరువాత ప్రూఫులు దిద్దేవారు తప్పులు సవరించి, ఒకచోట ఒక తీరు, ఇంకొకచోట ఇంకొక తీరు లేకుండా చూసేవారు. ఈ పనికి అందరికీ ఒకే నియమాలుండాలని అక్కడి సిబ్బందే ఒక కాగితం తయారుచేసి, విశ్వవిద్యాలయంలో తక్కినవారికీ పంచారు. ఆ కాగితమే పెరిగి 1906లో గ్రంథమయింది. దాని పద్దెనిమిదవ కూర్పు 2024లో వచ్చింది. ఇంత పేరుపొందిన గ్రంథానికి మూలం పండిత పరిషత్తు కాదు, అచ్చుపని గది!

ఇంగ్లండులోనూ కథ ఇటువంటిదే. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయాన్ని నడిపిన హొరేస్ హార్ట్ తన పనివారి కోసం 1893లో కొన్ని నియమాలు అచ్చువేయించాడు. బయటివారికి ఉద్దేశించినవి కాకపోయినా, ప్రతులు లండనులో అమ్ముడవుతున్నాయని తెలిసి, 1904లో ఆయనే వాటిని అమ్మకానికి విడుదల చేశాడు. ఆ ముద్రణాలయం ‘ఆర్గనైజ్’ను ‘జెడ్’తో అచ్చువేస్తుంది. ఇది అమెరికా వాడుక అని మనలో చాలామంది అనుకుంటారు గాని, కారణం వేరు. ఆ ప్రత్యయం గ్రీకు భాషనుండి వచ్చింది. గ్రీకులో దానికి ‘జెడ్’కు సమానమైన అక్షరమే ఉన్నది. ‘అనలైజ్’ను మాత్రం అక్కడ ‘ఎస్’తోనే వ్రాస్తారు. అందులో ఉన్నది ఆ ప్రత్యయం కాదు, ‘అనాలిసిస్’లోని ‘లిసిస్’ అనే వేరొక గ్రీకు మాట. తరగతిలో ఈ తేడా చెబితే విద్యార్థులకు వర్ణక్రమం సులభంగా జ్ఞాపకముంటుంది.

ఇక కామా సంగతి. మూడు వస్తువులను వరుసగా చెప్పేటప్పుడు చివరి ‘అండ్’కు ముందు కామా పెట్టాలా? ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయం పెడుతుంది. దానికి ‘ఆక్స్‌ఫర్డ్ కామా’ అనే పేరు వచ్చింది అందువల్లనే. తమాషా ఏమంటే, అదే విశ్వవిద్యాలయం తన కార్యాలయాలకోసం చేసుకున్న నియమావళి ఆ కామా వద్దంటుంది; అర్థం సందిగ్ధమయ్యే చోట మాత్రం పెట్టమంటుంది. ఈ చివరి మినహాయింపే అసలు ముఖ్యం.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఇది రుజువయింది. వారానికి 40 గంటలు దాటిన పనికి ఒకటిన్నర రెట్ల కూలి ఇవ్వాలని అక్కడి చట్టం. కొన్ని ఆహారపదార్థాలకు సంబంధించిన పనులకు మినహాయింపు ఉన్నది. ఆ పనుల జాబితా చివర ‘ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్’ అని ఉండేది. ‘షిప్‌మెంట్’ తరువాత కామా లేదు. పాలు పంచే లారీల డ్రైవర్లు కంపెనీపై దావా వేశారు. తెలుగులో చెప్పి చూస్తే తగాదా తేటపడుతుంది. “రవాణాకు పెట్టెల్లో సర్దడమో, పంచిపెట్టడమో” అంటే పనులు రెండు. “రవాణాకో పంపిణీకో పెట్టెల్లో సర్దడం” అంటే పని ఒక్కటే. డ్రైవర్లు పంచిపెడతారే గాని సర్దరు; రెండవ అర్థమే సరి అయితే వారికి మినహాయింపు వర్తించదు, అదనపు కూలి ఇవ్వవలసిందే. మన భాషలో ‘ఓ’కారం ఏ మాట చివర చేరితే ఆ మాటలే జత అని తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఆ భారం కామామీద పడుతుంది.

వాక్యం సందిగ్ధంగా ఉన్నదనీ, అటువంటప్పుడు కార్మికులకు అనుకూలంగానే అర్థం చెప్పాలనీ 2017 మార్చిలో అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది. 2018లో కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీపడింది. చివరి కామా పెట్టవద్దని ఆ రాష్ట్రపు చట్టరచనా నియమావళే చెప్పి ఉండటం విశేషం! ఉపకారవేతనానికి ఎవరు అర్హులో చెప్పే విశ్వవిద్యాలయ ప్రకటనలలోనూ ఇటువంటి జాబితాలే ఉంటాయి మరి.

మన విద్యార్థులకు ఇంకా దగ్గరి విషయం తేదీలు. గుంటూరు నుండో వరంగల్లు నుండో అమెరికాకు దరఖాస్తు పెట్టేవాడు గడువు ‘4/5’ అని చదివి, మన అలవాటు చొప్పున మే 4 అనుకోవచ్చు. అమెరికా వాడుకలో అది ఏప్రిల్ 5; గడువు దాటి నెల అయిపోతుంది! వివిధ దేశాలవారు చదివే కాగితంలో నెలను పేరుతోనే వ్రాయాలనే నియమం పుట్టింది ఇందుకే. అంకెలే కావాలంటే సంవత్సరం, నెల, తేదీ అనే వరుసను అంతర్జాతీయ ప్రమాణంగా నిర్ణయించారు. నెలలో మొదటి పన్నెండు రోజులే ఈ ప్రమాదం. పదమూడవ తేదీ దాటితే ఎవరూ పొరబడరు – పదమూడవ నెల లేదు గదా!