ప్రథమ క్రమ వ్యవస్థ స్పందన

30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న పాదరస థర్మామీటరును 80 డిగ్రీల నీటిలో ఒక్కసారిగా ముంచారనుకోండి. దీన్ని స్టెప్ మార్పు అంటారు. పాదరసం వెంటనే 80 చూపదు. బల్బులోకి ఉష్ణం ప్రవహించే రేటు, నీటికీ పాదరసానికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రతా భేదానికి అనులోమానుపాతంలో ఉంటుంది. భేదం తగ్గే కొద్దీ పెరుగుదల మందగిస్తుంది. ఇదే ప్రథమ క్రమ వ్యవస్థ ముఖ్య లక్షణం.

మొత్తం మార్పులో 63.2 శాతం పూర్తి కావడానికి పట్టే కాలమే కాలస్థిరాంకం. అది 10 సెకన్లయితే, 10 సెకన్లకు 61.6, 20 సెకన్లకు 73.2, 30 సెకన్లకు 77.5, 50 సెకన్లకు 79.7 డిగ్రీలు కనబడతాయి. అంటే అయిదు కాలస్థిరాంకాలు గడిస్తే స్పందన దాదాపు పూర్తయినట్లే.

దీని ప్రాముఖ్యం ఎక్కడ? ఒక రియాక్టరులో ఉష్ణోగ్రత నిమిషానికి 6 డిగ్రీల చొప్పున పెరుగుతోందనుకోండి. కాలస్థిరాంకం 1 నిమిషమైన థర్మామీటరు, తొలి దశ దాటాక, ఎప్పుడూ 6 డిగ్రీలు తక్కువే చూపుతుంది. పరికరం చెడిపోలేదు, అది చూపేది ఒక నిమిషం కిందటి ఉష్ణోగ్రత. భద్రతా పరిమితిని నిర్ణయించేటప్పుడు ఈ ఆలస్యాన్ని తప్పక లెక్కలోకి తీసుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మొదటి ఉదాహరణలో కాలస్థిరాంకం రెట్టింపయితే, 61.6 డిగ్రీలు ఎన్ని సెకన్లకు కనబడతాయి?