హైదరాబాద్ చేజార్చుకున్న బంతి

తులసీదాస్ బలరామ్ ఆటను తలచుకుని నిట్టూర్చే అభిమానులు ఇంకా ఉన్నారు. అలాంటి ఆటగాళ్లను తయారుచేసిన ఏర్పాటే కనుమరుగైంది.

సికింద్రాబాద్‌లో పాతతరం ఫుట్‌బాల్ అభిమానులు ఇద్దరు కలిస్తే మాట మెస్సీతో మొదలైనా చివరికి బలరామ్ దగ్గరకే వచ్చి ఆగుతుంది. ఆనాటి లెక్కలో ఆయనది ఇన్‌సైడ్ లెఫ్ట్ స్థానం. అంటే ఐదుగురు ఫార్వర్డ్‌ల వరుసలో కాస్త వెనక నిలబడి, హాఫ్‌బ్యాక్‌ల నుంచి బంతి అందుకుని ముందున్నవారికి దారి చూపాలి. ఇవాళ్టి భాషలో అటాకింగ్ మిడ్‌ఫీల్డర్ అనవచ్చు. అవసరమైతే గోలూ ఆయనే కొట్టేవారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపై, పెరూపై భారత్ చేసిన గోల్స్ రెండూ బలరామ్‌వే. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచిన జట్టులో పీకే బెనర్జీ, చునీ గోస్వామిల సరసన నిలిచిన మూడోవాడు ఆయనే.

సికింద్రాబాద్ దండు ప్రాంతంలోని అమ్ముగూడలో 1936లో ఓ పేద తమిళ కుటుంబంలో పుట్టిన కుర్రాడు అంతదూరం ఎలా వెళ్లాడు? ప్రతిభ ఒక్కటే కారణమంటే కథ సగమే చెప్పినట్టు. మిగతా సగం పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన రహీమ్ 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును, జాతీయ జట్టును తీర్చిదిద్దారు. బొల్లారం నుంచి నగరానికి రావడానికి బలరామ్ దగ్గర డబ్బుల్లేకపోతే సైకిల్ అద్దె తానే ఇచ్చి రప్పించారన్నది అభిమానులు ఇప్పటికీ ఇష్టంగా చెప్పుకునే ముచ్చట.

రహీమ్ చేసింది మంత్రమేమీ కాదు. డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టేవారు. బంతి వచ్చీ రాగానే పాస్ ఇచ్చేయాలి. కుడికాలి వాటం కుర్రాళ్లను ఎడమకాలితోనే ఆడించేవారు. ఆ కసరత్తు ఫలితమే సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలిచిన రోవర్స్ కప్. 1956-57, 1957-58ల్లో సంతోష్ ట్రోఫీ కూడా హైదరాబాద్‌దే. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిన 1956 జట్టులో అజీజుద్దీన్, లతీఫ్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, బలరామ్... ఇలా హైదరాబాదీల వరస పెద్దదే.

అయితే స్వర్ణయుగం అన్నమాట ఒక నిజాన్ని మరుగుపరుస్తుంది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఇదే భారత్ యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయింది. మనవాళ్లలో కొందరు బూట్లు లేకుండానే ఆడారు. నాలుగేళ్ల తర్వాత అదే యుగోస్లావియాతో ఒలింపిక్ సెమీఫైనల్ ఆడగలిగారంటే అది అదృష్టం కాదు, తప్పులు దిద్దుకున్న ఫలితం. బంగారు కాలం ఆకాశం నుంచి ఊడిపడలేదు. కుర్రాళ్లకు మైదానం, నేర్పే గురువు, ఆడితే పోలీసుశాఖలోనో రైల్వేలోనో ఉద్యోగం దొరుకుతుందన్న భరోసా కలిసి దాన్ని తెచ్చాయి.

ఆ మూడూ ఒక్కొక్కటే జారిపోయాయి. 1963 జూన్‌లో రహీమ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. అదే ఏడాది అనారోగ్యం బలరామ్ ఆటను కూడా ఆపేసింది. అప్పటికాయనకు 27 ఏళ్లే. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలవడం ఆ వైభవానికి చివరి మెరుపు. క్రమంగా సంస్థల జట్లు బక్కచిక్కాయి, క్రికెట్ విస్తరించింది, ఖాళీ స్థలాలు భవనాలయ్యాయి. ఒకప్పటి ఫతే మైదాన్, నేటి లాల్ బహదూర్ స్టేడియం అంటే ఈ తరానికి గుర్తొచ్చేది బహిరంగ సభలు, 2023 డిసెంబర్‌లో జరిగిన ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం.

బలరామ్ కూడా నగరానికి దక్కలేదు. 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి, 1961లో దాని కెప్టెన్‌గా కలకత్తా లీగ్ గెలిపించిన ఆయన చివరిదాకా బెంగాల్‌లోనే ఉండిపోయారు. అర్జున అవార్డు వచ్చింది. పీకేకు, చునీకి దక్కిన పద్మశ్రీ మాత్రం రాలేదు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో ఆయన మరణించడంతో ఆ త్రయంలో చివరివాడూ వెళ్లిపోయారు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా పుణ్యమా అని రహీమ్ పేరు కొత్తతరం చెవిన పడింది.

కొత్త ఆశలు కూడా చిగురించకపోలేదు. 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. తర్వాత ఆర్థిక కష్టాల్లో చిక్కుకుంది. చివరికి 2025లో ఆ క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. 2024 నవంబర్‌లో గచ్చిబౌలిలో భారత్, మలేసియాల మ్యాచ్ జరిగింది. ఆ ఏడాది చివరిరోజున సంతోష్ ట్రోఫీ ఫైనల్ కూడా అక్కడే జరిగింది. ఆడింది బెంగాల్, కేరళ. ఒకప్పుడు దేశానికి ఆటగాళ్లనిచ్చిన నగరం ఆతిథ్యంతో సరిపెట్టుకుంది.

నగరంలో బలరామ్‌కు విగ్రహం పెట్టినా అభిమానుల వెలితి తీరదు. అమ్ముగూడలో ఇవాళ అలాంటి కుర్రాడే ఉంటే అతనికి సైకిల్ అద్దె ఇచ్చి రమ్మనేదెవరు? వచ్చాక ఆడేదెక్కడ?