కలుపు నేలలో కూరపాదులు

మేడ్చలు నుండి శామీరుపేటకు పోవు ప్రాంతమున నొకప్పుడు ద్రాక్షపందిళ్లు విరివిగా నుండెడివి. నేడు వానిలో పెక్కింటి స్థానమున సరిహద్దురాళ్లు నిలిచియున్నవి. కొని, యిల్లు కట్టక విడిచిన స్థలములయందు తుంగ, గరిక, వయ్యారిభామ యథేచ్ఛముగా పెరుగుచున్నవి. శామీరుపేట చెరువునకు కొంత దూరమున మాకును అట్టి స్థలము 200 గజములు కలదు. అందు ఇంటికి సరిపడు కూరగాయలు పండించుకొనవలెనని మూడేండ్ల క్రిందట సంకల్పించితిమి.

తొలియేడు మేము చేసినది శుద్ధ తెలివితక్కువ పని. ఇద్దరు కూలిస్త్రీలను పిలిచి మూడు దినములు నేలనంతయు త్రవ్వించితిమి. నేల యద్దమువలె నుండెను. మేమును సంతోషించితిమి. తొలకరి వాన కురిసిన పదియవనాటికి మునుపటికంటె దట్టముగా తుంగ మొలిచెను. పొరుగుననున్న అవ్వ చూచి నవ్వి, "అమ్మా, తుంగను తవ్వితే సస్తదా? గడ్డగడ్డకు పిల్లలు పెడ్తది. ఊకె పైసలు పారేసుకున్నరు" అనెను.

అవ్వ మాట అక్షరసత్యము. తుంగ నేలలోపల దారమువంటి వేరునకు పూసలు గ్రుచ్చినట్లు గడ్డలను పెంచుకొనును. దారము తెగనంతవరకు అందు పెక్కు గడ్డలు నిద్రించుచుండును. పార తగిలి తెగిన వెంటనే ఒక్కొక్క గడ్డయు వేరు మొక్కయగును. కలుపు తీయు పని మన పల్లెలలో నెల్లెడల స్త్రీల నడుములమీదనే పడుచున్నది గదా! ఆ నడుములు విరుగుటయు, తుంగ పెరుగుటయు నేకకాలమున జరుగుచుండుట చూడ మనస్సు చివుక్కుమన్నది.

మందు చల్లుడని కొందరు హితము చెప్పిరి. కలుపుమందులలో మిక్కిలి వాడుకలోనున్న గ్లైఫోసేటును శిక్షణ పొందినవారు తప్ప ఇతరులు చల్లరాదని కేంద్ర ప్రభుత్వము 2022లో ఉత్తర్వు వెలువరించినది. పిల్లలు ఆడుకొను చోట, త్రాగునీటి బోరు ప్రక్కన, మాకు ఆ మాటయే రుచింపలేదు.

ఇక మిగిలినది నేలను కప్పుట. వెలుతురు లేనిదే మొలక బ్రదుకదు. ఇది క్రొత్త విద్య కాదు. దక్షిణదేశమున అల్లము, పసుపు నాటిన మళ్లను ఆకులతో కప్పుట పాత ఆచారమే. అమెరికాలో రూత్ స్టౌట్ అను నామె దున్నుట మాని, తోటనంతయు ఏడాది పొడవునను ఎండుగడ్డితో కప్పి కూరలు పండించి, నడుము నొవ్వకుండ తోట పెంచు విధమును గూర్చి 1955లో ఒక గ్రంథమే ప్రకటించెను. అప్పటికామె వయస్సు డెబ్బది దాటినది. ఆ సంగతి తెలిసిన పిమ్మట మాకు ధైర్యము కలిగెను.

మృగశిర వానలకు నేల బాగుగా నానువరకు వేచియుంటిమి. ఎండిన నేలను కప్పినచో పై చినుకులు లోనికి దిగక కప్పులోనే యింకిపోవును. వయ్యారిభామను పూత పట్టకమునుపే చేతులకు తొడుగులు వేసికొని పెరికితిమి. అది ఒంటికి తగిలిన దురదలు, దద్దురులు పుట్టించును. తక్కిన కలుపును కొడవలితో నేలమట్టముగా కోసి అక్కడనే పరచితిమి. త్రవ్వలేదు. దానిపై చివికిన పశువుల యెరువు చల్లి, అంగళ్లనుండి తెచ్చిన అట్టపెట్టెలను విప్పి, అంటుపట్టీలు ఊడదీసి, ఒకదాని అంచుపై నింకొకటి జానెడు వచ్చునట్లు పరచి నీరు చల్లితిమి. అట్టలపైన వరిగడ్డి ఎనిమిది అంగుళముల మందమున వేసితిమి. అంత యెందుకని తోచును గాని, నెల తిరుగకమునుపే అది అణగి సగమగును. యాసంగి కోతల పిదప పరిసర గ్రామములలో గడ్డి కట్టలు దొరకును. కొందరు దానిని పొలములోనే తగులబెట్టుచున్నారు, ఎంత నష్టము!

పిదప గడ్డి తొలగించి, అట్టకు బెత్తెడు రంధ్రము చేసి, చిన్న గుంట త్రవ్వి రెండు దోసిళ్ల యెరువు వేసి వంగ, టమాట, మిరప నారు నాటితిమి. అంచులయందు సొర, బీర, గుమ్మడి విత్తనములు పెట్టితిమి. మొక్క మొదట నాలుగు వ్రేళ్ల మేర గడ్డి తగులరాదు. తగిలిన కాండము కుళ్లును. గుమ్మడితీగ ప్రాకినచోట దాని ఆకులే రెండవ కప్పు. తోటకూర, మెంతి వంటి సన్నవిత్తనములకు ఈ పద్ధతి పనికిరాదు. వానికి ఒక మూల నేలను విడిచి, చేతితోనే కలుపు తీసికొంటిమి.

నల్లని ప్లాస్టిక్ పట్టాలు పరచిన తోటలును ఈ ప్రాంతమున కలవు. తేమను నిలుపుటలో వానికి సాటిలేదు. కాని తుంగమొలక సూదివలె వాడిగా నుండి ఆ పట్టాను చీల్చుకొని వచ్చును. దళసరి అట్టయే దాని నెక్కువకాలము ఆపును. పట్టా చినిగి తునుకలై మట్టిలో కలిసిన, దాని నేరుట మరల మన పనియే.

చిక్కులు లేకపోలేదు. ఎర్రనేల గనుక వాన వెనుకబడిన దినములలో గడ్డికి చెదలు పట్టెను. తడిపి వేపపిండి చల్లితిమి. ముసురు పట్టినపుడు నత్తలు చేరి లేతనారు కొరికివేసెను. రాత్రి లాంతరుతో పోయి ఏరితిమి. గడ్డిక్రింద తేలు ఉండవచ్చును గనుక ముందు కర్రతో కదల్చక వట్టిచేయి పెట్టరాదు. అట్టల అతుకులలోనుండి తుంగ తల యెత్తుచునే యుండెను. నాలుగైదు ఆకులు వేయకమునుపే పెరికిన, గడ్డలో దాచుకొనిన బలము క్రమముగా తరుగును. రెండవ యేడు పెరుకుట వారమున కొక్క సాయంకాలము పనియై నిలిచెను. మూడవయేట వంకాయలు, బీరకాయలు మేము తినగా ఇరుగుపొరుగులకు పంచితిమి. వేసవిలో దినము విడిచి దినము నీరు పోసినను మొక్క వాడలేదు.

మొన్న అవ్వ వచ్చి కాలితో గడ్డి తొలగించి, వంగి మట్టిని పిడికిట పట్టి చూచెను. "ఎర్రలొచ్చినయమ్మా, మన్ను మెత్తగైంది" అని, తన యింటివెనుక సొరపాదునకై రెండు అట్టపెట్టెలు అడిగి చంకనిడుకొని పోయెను.