మూన్నాళ్ల ముచ్చట వెర్షన్

పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలో చదివినా, ప్రొద్దుటూరులోనో జమ్మలమడుగులోనో ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నా, ప్రాజెక్టు మొదలుపెట్టేవారికి తొలి ప్రశ్న ఒకటే: ఏ వెర్షన్ వేసుకోవాలి?

జావాస్క్రిప్టును నడిపే నోడ్ జేఎస్‌నే చూడండి. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 22కు 2027 ఏప్రిల్ దాకా మద్దతుంది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన 23కు మాత్రం 2025 జూన్‌కే నూకలు చెల్లాయి. భద్రతా సవరణలూ ఆగిపోయాయి.

చిక్కు అక్కడితో తీరదు. సీ ప్లస్ ప్లస్‌లో రాసిన కొన్ని మాడ్యూళ్లకు ముద్రలాంటి అంకె ఉంటుంది: 22కు 127, 23కు 131. అది కలవకపోతే మాడ్యూల్ లోడ్ కాదు, మళ్లీ కంపైల్ చేసుకోవాలి. పాపం, కొత్తవాళ్లు తమ కోడ్‌లోనే తప్పుందనుకుని రాత్రంతా వెతుక్కుంటారు.

ఈ చిక్కు రాకుండా, నోడ్ వెర్షన్లను మార్చే ‘ఎన్‌వీఎం’ అనే సాధనం వాడుతూ, ప్రాజెక్టు ఫోల్డర్‌లో ‘.ఎన్‌వీఎంఆర్‌సీ’ అనే ఫైలు పెట్టి, అందులో 22 అని రాస్తే చాలు. ఆ వెర్షన్ ఇన్‌స్టాల్ అయి ఉంటే, ‘ఎన్‌వీఎం యూజ్’ అని కొట్టగానే జట్టులో అందరూ ఒకే వెర్షన్ మీదికి వస్తారు.