కొల్లేటి చుట్టూ పొగబండి

రైల్లో ఏలూరు దాటాక భీమడోలు, పూళ్ల, చేబ్రోలు, తాడేపల్లిగూడెం వరసగా వస్తాయి. కుడివైపున, కంటికి ఆనకపోయినా, కొల్లేరు సరస్సు. 1893-96 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా వేసిన ఈస్ట్‌కోస్ట్ లైను ఇది. సరస్సుకు దక్షిణాన గుడివాడ, భీమవరాలను కలుపుతూ 1928లో మీటర్‌గేజ్ వేశారు. కైకలూరు దాటి ఉప్పుటేరు మీదుగా ఆకివీడు చేరే ఆ దారి తర్వాత బ్రాడ్‌గేజ్ అయింది. ఇలా కొల్లేటికి రెండు పక్కలా ఆవిరి ఇంజన్లు తిరిగాయి.

మన బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. ఎక్కడో ఉన్న అర్జెంటీనా, చిలీ దేశాల బ్రాడ్‌గేజ్ లైన్లదీ అదే కొలత. 1857లో అర్జెంటీనాలో నడిచిన తొలి ఇంజను 'లా పోర్తేన్యా' ఆ గేజ్‌దే. ఇంగ్లండులోని వల్కన్ ఫౌండ్రీ ఆ దేశానికీ మనకూ ఇంజన్లు పంపింది. కానీ ఇంజను రూపాన్ని తేల్చేది పట్టాలొక్కటే కాదు, ఆ నేల బొగ్గు కూడా.

మన బొగ్గులో బూడిద ఎక్కువ, వేడి తక్కువ. అందుకే 1947లో అమెరికా బాల్డ్విన్ కంపెనీ నుంచి వచ్చిన డబ్ల్యూపీ రకం ఇంజనుకు వెడల్పాటి పొయ్యి పెట్టారు. గుండ్రటి ముక్కు, దానిమీద నక్షత్రం, మనిషెత్తు చక్రాలు ఆరు. బాయిలర్ పీడనం చదరపు అంగుళానికి 210 పౌన్లు. అదే బాయిలర్‌తో గూడ్సు బళ్ల కోసం 1950 నుంచి వచ్చిన డబ్ల్యూజీలు మొత్తం 2,450.

అర్జెంటీనా దక్షిణ కొసన రియో తుర్బియో గని లైనుదీ నాసిరకం బొగ్గు సమస్యే. అక్కడ ఇంజనీరు లివియో దాంతె పోర్తా పొయ్యికి కింది గాలి తగ్గించి, పైనుంచి గాలి ఇచ్చి, నిప్పులోకి ఆవిరి పంపాడు. బొగ్గు ముందు వాయువుగా మారి, ఆ తర్వాత పూర్తిగా మండింది. పొగ తగ్గింది, బలం పెరిగింది.

మన దగ్గర నాసిరకం బొగ్గును మండించే భారం ఫైర్‌మన్ భుజాల మీదే పడింది. పార తిప్పి బొగ్గును పొయ్యి మూలమూలకూ పలచగా చల్లాలి. ఒకచోట కుప్పపడితే మంట చస్తుంది, చిట్టెం గడ్డకడుతుంది, ఆవిరి పడిపోతుంది. ఆవిరి పీడనం చూపే గేజి ముల్లు మీద ఒక కన్ను, నీటిమట్టం చూపే గాజుగొట్టం మీద ఒక కన్ను. ఆ చేతి పనితనం ఏ డ్రాయింగులోనూ లేదు.

1995లో మన దేశపు బ్రాడ్‌గేజ్ మీద మామూలు ఆవిరి సర్వీసులు ముగిశాయి. ఇంజన్లు మ్యూజియాల్లో మిగిలాయి, వాటిని నడిపినవాళ్ల మాటలు కూడా మిగలాలి. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఫైర్‌మన్‌గా చేసిన పెద్దాయన ఉంటే పక్కన కూర్చుని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి.