అగ్గి తెగులు ఆకులోకి ఎలా దూరుతుంది?



పోయిన ఏడు మా వరికి అగ్గి తెగులు వచ్చింది. ఆకుల మీద నూలు కండె ఆకారంలో మచ్చలు. మధ్యలో బూడిద రంగు, అంచున గోధుమ రంగు. తర్వాత కంకి మెడ నల్లబడి విరిగింది, గింజలు తాలు పోయినాయి. మా అయ్య అప్పు చేసి మందు కొట్టాడు. ఏమీ లాభం లేదు. ఆ మందే మంచిది కాదని అందరూ అన్నారు. అది నిజమేనా? సైన్సు మేడమ్‌ని అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

ఈ తెగులు ఒక శిలీంధ్రం, అంటే బూజు వల్ల వస్తుంది. దాని విత్తనాల్లాంటివి సిద్ధబీజాలు. కంటికి కనపడవు. గాలికి వచ్చి ఆకు మీద పడి జిగురుతో అంటుకుంటాయి. మంచు తడి ఉంటే మొలుస్తాయి. మొలక చివర ఉబ్బి బుడగ అవుతుంది. దాని పేరు అప్రెసోరియం. బుడగ గోడకు లోపలి వైపు మెలనిన్ అనే నల్ల పూత ఏర్పడుతుంది. మన జుట్టుని నల్లగా చేసేది కూడా మెలనినే. బుడగలో గ్లిజరాల్ తయారై నీళ్లను లోపలికి లాగుతుంది. పూత ఉంది కాబట్టి గ్లిజరాల్ బయటికి కారిపోదు. లోపల ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి 80 రెట్ల దాకా పెరుగుతుంది! ఆ బలంతో బుడగ అడుగు నుంచి సన్నని మేకు లాంటిది ఆకులోకి దిగుతుంది. మనకు మచ్చ కనపడేది నాలుగైదు రోజుల తర్వాతే.

ట్రైసైక్లజోల్ అనే మందు ఈ బూజుని నేరుగా చంపదు. మెలనిన్‌ని తయారు కానివ్వదు, అంతే. పూత లేని బుడగ పంచరైన సైకిల్ ట్యూబు లాంటిది. ఎంత కొట్టినా నిలవదు. మేకు దిగదు.

అంటే ఈ మందు తలుపుకి గడియ లాంటిది. దొంగ ఇంట్లోకి వచ్చాక గడియ పెడితే ఏం లాభం? మా చేలో అదే జరిగింది. మందుది తప్పు కాదు, ఆలస్యం అయింది. మా అయ్యకి చదువు రాదు. ప్యాకెట్ మీద రాసింది చదివి చెప్పడానికి నేను ఇంటి దగ్గర లేను.

అందుకే దసరా సెలవులకు పోయినప్పుడు అందరం చేలోకి దిగి ఆకులు చూద్దాం. మబ్బు పట్టి, మంచు కురిసే రోజుల్లో ఇంకా జాగ్రత్త. యూరియా ఎక్కువ వేస్తే తెగులు కూడా ఎక్కువ అవుతుంది. మొదటి మచ్చలు కనపడగానే లీటరు నీటికి 0.6 గ్రాముల మందు కలిపి కొట్టాలి. ఉత్త చేతులతో కలపకూడదు, ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి. ప్యాకెట్ మీద ఉన్నది మనమే చదివి ఇంట్లో వాళ్లకి చెప్పాలి. మనం చదువుకునేది అందుకే కదా!

తప్పులుంటే మేడమ్‌లు దిద్దగలరు.

– 9వ తరగతి విద్యార్థిని