హైయాన్ తరువాత లేటే, సమార్ కొబ్బరి తీరం

2013 నవంబరు 8వ తేదీ తెల్లవారుజామున టైఫూన్ హైయాన్ ఫిలిప్పీన్స్ దేశపు తూర్పు అంచున, సమార్ ద్వీపపు కొనలో ఉన్న గీవాన్ పట్టణం వద్ద తీరాన్ని తాకినది. అక్కడివారు దానిని యోలాండా అని పిలుస్తారు. గంటకు 230 కిలోమీటర్ల నిలకడ వేగంతో వీచిన ఆ గాలి లేటే ద్వీపం మీదుగా పడమటికి సాగిపోయినది. అధికారిక లెక్కల ప్రకారమే 6,300 మంది మరణించినారు. ఈ రెండు ద్వీపాల తీరమంతా కొబ్బరి సీమ. లేటే రాజధాని టక్లోబాన్ నుంచి దక్షిణపు దారిని కొంత చూసి, వంతెన దాటి సమార్ తీరం వెంట గీవాన్ వరకు సాగే ప్రయాణంలో పునరుద్ధరణ ఏ పంటకు ఎంత కాలం పట్టినదో గమనించడం ఈ వ్యాసం ఉద్దేశం.

టక్లోబాన్‌లో ఎక్కువ మందిని బలిగొన్నది గాలి కాదు, 5 మీటర్లకు మించి ఎగసివచ్చిన సముద్రం. హెచ్చరికలు ముందుగానే వెలువడినవి. అయితే అందులో వాడిన ‘స్టార్మ్ సర్జ్’ అనే ఆంగ్లపదం చాలామందికి అర్థం కాలేదని తరువాతి పరిశీలనలు చెప్పినవి. మనకు ‘ఉప్పెన’ అనే మాట ఉన్నది. తీరాంధ్రలో దానిని ఎవరికీ వివరించనక్కరలేదు. అయినా 1977 నవంబరు 19న దివిసీమలో ఆ మాట తెలిసినవారే వేలాదిగా కొట్టుకుపోయినారు. మాట ఉంటే చాలదు, అది సకాలంలో ఇంటి గుమ్మం వరకు చేరాలి. 2014 డిసెంబరులో హాగుపిట్ టైఫూన్ అదే సమార్ తీరం వైపు వచ్చినప్పుడు లక్షలాది మంది ముందే తరలి వెళ్లినారు.

టక్లోబాన్ నుంచి దక్షిణంగా పాలో, తనావాన్ పట్టణాల మీదుగా దారి సముద్రాన్ని ఆనుకొని పోతుంది. కుడివైపు లోపలికి మళ్లితే లేటే వరి మైదానం. హైయాన్ వచ్చేనాటికి ప్రధాన పంట కోతలు చాలావరకు ముగిసినవి. ఇళ్లలో దాచిన ధాన్యం, విత్తనం తడిసి పాడైపోగా, డిసెంబరు–జనవరి నాట్లకు విత్తనం అందించడమే తక్షణావసరమైనది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రభుత్వం కలిసి విత్తనం, ఎరువులు సకాలంలో చేర్చగలిగినవి. ఉప్పునీరు చొచ్చిన పొలాలకు ఒక అనుకూలత ఉన్నది. ఆ తూర్పు తీరానికి నవంబరు నుంచి జనవరి వరకు అత్యధిక వర్షకాలం కావడం వలన మడుల్లో మంచినీరు నిలగట్టి ఉప్పును కడిగివేయడానికి వీలుంటుంది. 2014 వేసవి నాటికే పంట ఇంటికి వచ్చినది. దాతల నివేదికల్లో ఎక్కువగా కనిపించే విజయగాథ ఇదే.

కొబ్బరి సంగతి వేరు. సుమారు 3.3 కోట్ల చెట్లు దెబ్బతిన్నట్లు అంచనా. పొడవు రకం మొక్క నాటితే కాపుకు రావడానికి 6 నుంచి 8 సంవత్సరాలు పడుతుంది. నిండు దిగుబడికి ఇంకా ఆలస్యం. నిలిచిన చెట్టును చూసి తృప్తిపడడానికీ వీలు లేదు. కొబ్బరిలో గెల మొవ్వులోపల రూపుదిద్దుకోవడం మొదలైన తరువాత అది విచ్చుకోవడానికే రెండున్నర సంవత్సరాలకు పైగా పడుతుంది, ఆ పైన కాయ ముదరడానికి మరో ఏడాది. అందుచేత గాలికి మొవ్వు మెలితిరిగి, మట్టలు రాలిన చెట్టు ప్రాణం నిలుపుకున్నప్పటికీ ఆ దెబ్బ మూడు నాలుగేళ్ల కాపులో కనిపిస్తూనే ఉంటుంది. తుఫాను జరిగిన ఏడాదికి తోటను చూసి ‘కోలుకున్నది’ అని రాసే నివేదికను నేను నమ్మలేను.

పడిన మానులు మరొక సమస్య. కుళ్లుతున్న కొబ్బరి మానులో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. అందులోనే లద్దెపురుగులు పెరిగి, పెద్ద పురుగులై బతికిన చెట్ల మొవ్వులను, కొత్తగా నాటిన మొక్కలను తొలుస్తాయి. అంటే తుఫానులో పోని చెట్టు రెండవ ఏట పురుగుకు పోవచ్చు. ఇన్ని కోట్ల మానులను కొన్ని నెలల్లో తొలగించడం గొడ్డళ్లతో అయ్యే పని కాదు. గొలుసు రంపాలు, చిన్న కోత యంత్రాలు తెప్పించి మానులను పలకలుగా కోయించినారు. ఆ కలపే వేలాది ఇళ్లకు దూలాలు, గోడలు అయినది. తెగులు నివారణ, గృహనిర్మాణం ఒకే పనిలో కలిసిన సందర్భాలు అరుదు. విద్యార్థులు దీనిని ప్రత్యేకంగా గమనించదగును.

అయితే ఆ కలప ఎవరిది? అక్కడి కొబ్బరి రైతుల్లో చాలామంది కౌలుదార్లు. ఎండు కొబ్బరి అమ్మగా వచ్చిన సొమ్ములో భూస్వామికి వాటా ఇచ్చేవారు. 1995 నాటి చట్టం ప్రకారం కొబ్బరి చెట్టు నరకడానికి అనుమతి కూడా కావాలి. చెట్టు ఉన్నప్పుడు పంపకం స్పష్టం. చెట్టు పడినాక మాను మీద, ఖాళీ అయిన నేల మీద కౌలుదారుకు ఏమి మిగులుతుందన్న ప్రశ్న లేచినది. ఏడేళ్ల తరువాత తనకు దక్కుతుందో లేదో తెలియని చెట్టుకు నీరు పోయమని చెప్పడం విస్తరణ కార్యకర్తకు సులభం కాదు.

శాన్ హువానికో వంతెన దాటి సమార్‌లో బాసే, మరాబుత్, బలాంగిగా మీదుగా గీవాన్ చేరే దారిలో మత్స్యకార గ్రామాలు ఎక్కువ. పోయిన పడవల స్థానంలో కొత్త పడవలు త్వరగానే వచ్చినవి, కొన్నిచోట్ల చేపలకు మించి. మడ అడవుల విషయంలో పొరపాటు మరింత స్పష్టం. సహజంగా సముద్రం వైపు ముందు వరుసలో పెరిగే జాతులను వదలి, గింజ సులభంగా దొరికే రైజోఫోరాను అలలు కొట్టే ఒడ్డున నాటినారు. అవి నిలువలేదు. నాటిన మొక్కల సంఖ్యను విజయంగా లెక్కించే అలవాటు ఏ దేశంలోనైనా ఒకటే.

తోటల్లో నీడ పోవడం వలన ఒక అవకాశం కలిగినది. మొదటి నాలుగైదు సంవత్సరాలు కొబ్బరి మొక్కల మధ్య ఎండ పుష్కలంగా పడుతుంది. చిలగడదుంప నాలుగు నెలల్లో చేతికి వస్తుంది. కర్రపెండలం, చేమ, కూరగాయలు, మొక్కజొన్న, అరటి ఆ వెలుతురులో బాగా వస్తాయి. పైగా దుంప నేలలో ఉంటుంది కనుక మరో గాలి వచ్చినా పూర్తిగా పోదు. ఆ ప్రాంతంలో కొబ్బరి ఒక్కదానినే నమ్ముకున్న కుటుంబాలకు ఇదే తిండి అయినది. అయితే నెలన్నరకో రెండు నెలలకో ఎండు కొబ్బరి అమ్ముకొని బతికిన రైతుకు కూరగాయల సాగు కొత్త విద్య. సంత దూరమైనచోట అది నిలువదు.

ఇది మనకు దూరపు కథ కాదు. 1996 నవంబరు 6న కోనసీమ తోటలు, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానులో ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు ఇదే విధంగా నేలకొరిగినవి. పడిన చెట్టును తొలగించే ఖర్చే రైతుకు మొదటి భారమైనది. కొమ్ము పురుగుపై పచ్చ శిలీంధ్రం మెటారైజియం వాడకంలో అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానానికి అనుభవమున్నది. ఆ శిలీంధ్రాన్ని తుఫాను జరిగిన వారాల్లోనే మానుల గుట్టలకు చేర్చగల నిల్వ, రవాణా ఏర్పాటు ముందుగానే ఉండాలి. ఉద్దానంలో తిత్లీ తరువాత నాటిన పొడవు రకాలు ఈ మధ్యనే గెలలు వేసే వయసుకు వచ్చినవి. నడుమ సంవత్సరాల్లో ఆ కుటుంబాలు ఏ అంతర పంటతో గడిపినవో, ఎవరు వలస వెళ్లినారో, ఎవరి మొక్కలు పురుగు పాలైనవో చెప్పగలవారు ఇంకా అక్కడే ఉన్నారు.